పెట్టెలో తడిగుడ్డ

పోయిన వారం హేమావతిని మనం మంచి చోట వదిలిపెట్టలేదు. ధర్మవరంలో అన్న మారుతి ఇంట్లో, తెరిచిన గిటారు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూలబడి ఉండగా వదిలేశాం. అది బుధవారం పొద్దున. ఆదివారం సాయంత్రం ఆరింటికి అనంతపురంలో ఆమె కచేరీ. బెంగళూరు వెళ్ళి, తన దగ్గర నేర్చుకునే పిల్లలకు నాలుగు రోజులు పరీక్షలు చేయించి, రాత్రి బండికి వచ్చి, స్నానం చేసి, కాఫీ తాగి, తీరిగ్గా పెట్టె తెరిచింది. గిటారు పైపలక మీద, తీగలు కట్టే బద్ద కింది నుంచి అంచు దాకా జానెడు పగులు.

హేమావతికి నలభై ఒక్కేళ్ళు. గిటారు అనగానే నిలబడి ఊగుతూ సినిమా పాటలు వాయించేదనుకునేరు. ఆ పొరపాటు ఇరవై ఏళ్ళుగా ఆమె సొంత వీధివాళ్ళే చేస్తున్నారు. ఈమెది శాస్త్రీయ గిటారు. కూర్చుని, ఒడిలో పెట్టుకుని, కుడిచేతి గోళ్ళతో ఒక్కో తీగనూ విడిగా పలికించాలి. అనంతపురంలో చర్చి పక్క గదిలో ఐజాక్ సార్ దగ్గర నేర్చుకుంది. ఆ తర్వాత చేసిందల్లా బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పడం, పెద్ద హోటళ్ళలో జనం భోంచేస్తుంటే ఒక మూల కూర్చుని వాయించడం. తొంభై నిమిషాలు తనొక్కతే వేదిక మీద కూర్చునే కచేరీ ఇదే మొదటిది. వినడానికి బెంగళూరు సంగీత సభ నుంచి ఇద్దరు వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే వచ్చే ఏడాది ఆరు ఊళ్ళలో కచేరీలు. నచ్చకపోతే మళ్ళీ హోటలు మూలే. ఈ వయసులో ఇంకోసారి పిలుస్తారని ఎవరూ అనుకోవడం లేదు, హేమావతి అసలు అనుకోవడం లేదు.

ఇక ఆ గిటారు. దాని కొయ్యకు గాలిలో తేమ కావాలి. ఏప్రిల్ నెలలో మన ధర్మవరం గాలిలో తేమ ఎక్కడ దొరుకుతుంది? అందుకని పెట్టెలో ఒక చిల్లుల డబ్బా పెట్టి, అందులో తడిపి పిండిన గుడ్డ ఉంచుతుంది. ఎండలో బస్సులో తిప్పడం ఎందుకని ఈసారి గిటారును అన్న మగ్గం గదిలోనే వదిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెట్టె మేడ మీద రేకుల గదిలో ఉంది. డబ్బా లేదు, తడిగుడ్డ లేదు. వాటి చోట గుప్పెడు ఎండు వేపాకు ఉంది. గిటారుకు తెల్ల నూలు బట్ట చుట్టి ఉంది.

"నా పెట్టె ఎవరు ముట్టినారు?" అని ఆమె కేక వేసింది. కింద మగ్గం చప్పుడు ఆగిపోయింది.

మారుతి మగ్గం గుంతలోంచి లేచి, పంచె దులుపుకుంటూ మేడెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పదేళ్ళ వయసు నుంచీ ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేస్తున్నవాడు. పగులు చూశాడు. వేపాకు చూశాడు. తెల్ల బట్ట చూశాడు. చెల్లెలి ముఖం మాత్రం చూడలేదు.

"నేనే," అన్నాడు.

"నువ్వా?"

"ఊ. కాళ్ళకడ్డం వస్తాండాదని పైన పెట్టినా. లోపల తడిగుడ్డ కనపడితే తీసి పారేసినా."

"ముట్టొద్దని చెప్పే పోయినా కదన్నా."

"చెప్పినావు. మర్సిపోయినా. ఇప్పుడేం చెయ్యల్లో అది చెప్పు."

తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డ మనిషిని తిట్టడం కష్టం. హేమావతికి ఒళ్ళు మండిపోతోంది, ఏడుపూ వస్తోంది. రెండూ దిగమింగి బెంగళూరులో ప్రణీత్‌కు ఫోన్ చేసింది. ప్రణీత్ హిందూపురం కుర్రవాడు, గిటార్లు తయారుచేస్తాడు, బాగుచేస్తాడు.

"పెట్టెలో తేమ మీటరు ఎంత చూపిస్తాండాది అక్కా?" అని అడిగాడు.

"పన్నెండు."

"పన్నెండా! నువ్వు ఎండబెట్టింది గిటారా, వడియాలా?" అని, నవ్వే సందర్భం కాదని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "సరే, బేజారు పడొద్దు. ముందు తీగలన్నీ వదులు చెయ్. నీళ్ళు చల్లొద్దు, తడిబట్ట కప్పొద్దు. కొయ్య తేమను మెల్లగా తాగాల. మీటరు యాభై దగ్గర మూడు దినాలు నిలిపినావంటే పగులు దానంతట అదే మూసుకుంటుంది. శనివారం పొద్దున నేనొచ్చి జిగురు పట్టిస్తా."

"మూసుకోకపోతే?"

"వేరే గిటారు చూసుకోవాల అక్కా."

వేరే గిటారు లేకపోలేదు. పిల్లలకు పాఠం చెప్పేది ఒకటి బెంగళూరు నుంచి వెంట తెచ్చుకుంది. దానితో హోటల్లో వాయించవచ్చు. హాల్లో నాలుగో వరస దాటితే వినపడదు.

సమస్య ఏమిటంటే, ధర్మవరంలో మీటరును యాభై దగ్గర నిలిపే చోటు ఎక్కడుంది? స్నానాలగది అనుకుంది, పొద్దున పది దాటితే అదీ పెనంలాగే ఉంటుంది. ఫోన్ మాటలన్నీ విన్న మారుతి కాసేపు తల గోక్కున్నాడు.

"నా మగ్గం గుంతలో పెట్టు," అన్నాడు.

బయట గాలికి పట్టుపోగు ఎండితే పుటుక్కున తెగుతుంది. అందుకే నేతగాళ్ళు నేలలో గుంత తవ్వి మగ్గం పెట్టుకుంటారు. గుంతలో చెమ్మ ఉంటుంది, ఎండాకాలం ఇంకాస్త నీళ్ళు చల్లుతారు. పోగు మెత్తగా ఉంటుంది. బడిలో చదవకపోయినా ఈ సంగతి మారుతికి ప్రణీత్ కంటే ముందు తెలుసు. కానీ నేతగాడి కాళ్ళు ఉండాల్సిన చోట గిటారు ఉంటే నేత ఎలా సాగుతుంది? మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర ఉంది. షావుకారు కుళ్ళాయప్ప సోమవారానికి కావాలన్నాడు. హేమావతి ఆ చీరవైపు చూసింది.

"దాని సంగతి నేను సూసుకుంటాలే," అన్నాడు మారుతి.

గుంత అడుగున తడి ఇసుక పోశాడు. చుట్టూ గోడలకు తడి గోనెపట్టలు తగిలించాడు. గిటారు దేనికీ తగలకుండా నాలుగు గుంజలకు పాత దుప్పటి ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టాడు. పైన పలకలు కప్పాడు. మధ్యాహ్నానికి మీటరు ముప్పైకి వచ్చింది, పొద్దుగూకే వేళకు నలభై ఆరు. అంత కోపంలోనూ హేమావతికి అన్న పనితనం చూస్తే ముచ్చటేసింది.

ఆ సాయంత్రమే ఆమెకు అసలు విషయం అర్థమైంది. పైన పడి ఉన్న తెల్లబట్టను తీసి పెడదామని చేతిలోకి తీసుకుంది. మూడు మడతలు, ప్రతి మడతలోనూ అంచు లోపలికి, చివర చిన్న దోపు. నేసిన చీరలను అమ్మకానికి పంపేదాకా జరీ చెడకుండా దాచేటప్పుడు చుట్టే పద్ధతి అది. మారుతికి పంచె మడత పెట్టడం కూడా రాదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో చీరలు మడిచేదీ, దాచేదీ అతని భార్య తిప్పమ్మ. ఆమె సోమవారం కొత్తచెరువుకు, తన చెల్లెలింటికి వెళ్ళింది.

హేమావతి బట్ట తీసుకుని కిందికి దిగింది. మారుతి మగ్గం పక్కన పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"అన్నా, ఇది చుట్టింది నువ్వు కాదు."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"వదిన కదా?"

"గమ్మునుండు హేమా."

"ఎందుకు నీ మీద ఏసుకుంటివి?"

మారుతి వీధి తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో వేరే ఎవరూ లేకపోయినా అలా వేశాడు.

"పోయిన అక్టోబర్లో ఆ తుపాను వాన పడింది సూడు, అప్పుడు లోపలి గది గోడకు చెమ్మ ఎక్కింది. ఆ గోడకానించి ఉన్న పెట్టెలో నాలుగు చీరలు. జరీ అంతా నల్లబడిపాయ. కుళ్ళాయప్ప వచ్చి వీధిలో నిలబడి, అందరూ వింటాండగా, పట్టు దాచడం రానిదానివి నేతగాని పెండ్లాం ఎట్లయితివే అన్నాడు. మీ వదిన నోరెత్తలే. ఆ పొద్దు నుంచి మంచం పట్టింది. తినదు, మాట్లాడదు. రొండు నెల్లు అనంతపురంలో డాక్టరు దగ్గరికి తిప్పినా."

"నాకు చెప్పలేదే."

"నీకు చెప్తే ఏం చేస్తావు? అప్పట్నుంచీ తడి అంటే దానికి భయం. కడిగిన గిన్నె రొండు మాట్లు తుడుస్తాది. పట్టు ఏదైనా సరే రేకుల గదిలోకే. నీ పెట్టెలో తడిగుడ్డ సూసి గుండె ఆగినంత పనై ఉంటాది. ఆయమ్మ తప్పు చెయ్యలే హేమా, కాపాడినా అనుకుంది. ఇప్పుడు ఇది కూడా తన చేత్తోనే చెడిపాయ అని తెలిస్తే మళ్ళా లెయ్యదు. నన్నెన్నైనా తిట్టు. ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు."

హేమావతి సరే అంది. అనకుండా ఎలా ఉంటుంది? ఆమె పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తిప్పమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇంట్లో ఆడపిల్లలు కండెలకు పట్టు చుట్టాలి, పోగులు లాగాలి. ఆ పని చేస్తే గోళ్ళు విరుగుతాయి, గోళ్ళు లేకపోతే గిటారు లేదు. వచ్చిన మూడో నెలలోనే ఆ సంగతి కనిపెట్టి, ఎవరూ అడక్కుండానే, హేమావతి వంతు కండెలు కూడా తనే చుట్టడం మొదలుపెట్టింది తిప్పమ్మ. పదేళ్ళు చుట్టింది. ఒక్కనాడూ దెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం తిప్పమ్మ వచ్చింది. సంచీ నిండా మునక్కాయలు తెచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి, ఈ మధ్యే కాస్త కండపట్టి ముఖం తేటగా ఉంది. చెప్పులు విడిచి, మగ్గం ఎందుకాగిందోనని నేరుగా ఆ గదిలోకి వచ్చి, పలకలు తీసి లోపలికి చూసింది.

"అయ్యో! ఏమప్పా, నీకేమన్నా మతి పోయిందా? గిటారు తీసకపోయి తడి ఇసక మీద ఏలాడదీస్తివా?" అని, మునక్కాయల సంచీ అక్కడే పడేసి గుంతలోకి దిగబోయింది.

"వదినా, ఆగు!" హేమావతి చెయ్యి పట్టుకుంది.

"ఇడ్సు హేమా. నీకు తెల్దు, తడి అంటే మాటలనుకుంటివా? ఆపొద్దు నీ పెట్టెలో తడిగుడ్డ మర్సిపోయి పోయినావు. నేను సూసినా కాబట్టి సరిపాయ. తీసి పారేసి, వేపాకు ఏసి, మంచిగా బట్ట చుట్టి రేకుల గదిలో పెట్టే పోయినా. ల్యాకుంటే ఈపాటికి బూజు పట్టి కుళ్ళిపోయేది." తిప్పమ్మ నవ్వుతోంది. మంచి పని చేశాననే సంతోషం ఆ ముఖంలో దాచినా దాగడం లేదు. "నువ్వొస్తానే చెప్పల్లనుకున్నా."

మారుతి చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపు బతిమాలుతోంది.

"మంచిదే వదినా," అంది హేమావతి. "ఇప్పుడు మాత్రం కచేరీ ముందర రవ్వంత చెమ్మ తగలాలంట. గిటారు చేసినాయన చెప్పినాడు."

"రవ్వంత తగలాలంటే ఇంత ఇసక పోస్తారా ఎవరన్నా?"

తిప్పమ్మకు నమ్మకం కుదరలేదు. గుంత అంచున కూర్చుని, ఉయ్యాలను మెల్లగా తనవైపు లాక్కుని, గిటారును ఆ మూల నుంచి ఈ మూల దాకా వేలి కొసతో తడిమింది. కొత్త చీర వస్తే తప్పులు వెతికేది కూడా అలాగే. వేలు బద్ద కింద ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే చోట ఆగింది.

"ఇదేంది?"

మారుతి గోనెపట్ట సర్దుతున్నట్టు వంగాడు.

"నేను బట్ట చుట్టేటప్పుడు ఇది లేదు. నేను తడిమే చుట్టినా." ఆమె మీటరు వైపు చూసింది, గోనెపట్టల వైపు చూసింది. పట్టుపోగుతో ముప్పై ఏళ్ళు బతికిన మనిషికి తడి ఆరితే ఏమవుతుందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. "తడి లేక పగిలింది కదా? అందుకే మగ్గం ఆపి గుంతలో పెట్టినారు. అవునా?"

"నేనే పారేసినా ఆ గుడ్డ," అన్నాడు మారుతి.

"నువ్వు గమ్మునుండప్పా. నేను పారేసింది నువ్వు యాడ పారేస్తావు?" తిప్పమ్మ చూపు హేమావతి మీదే ఉంది. "హేమా, నువ్వు చెప్పు. ఇది చేసింది నేనేనా?"

కాదని చెప్పడం ఎంతసేపు? ఎండ ఎక్కువైందనవచ్చు, కొయ్య పాతదనవచ్చు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి అంతా తెలిసే అడుగుతోంది. ఇప్పుడు అబద్ధం చెబితే, నిజం మోయడానికి నువ్వు పనికిరావని ముఖం మీద చెప్పినట్టే. వదినను అంత చిన్నబుచ్చడానికి హేమావతికి మనసొప్పలేదు.

"అవును వదినా," అంది. "ఆ గుడ్డ తియ్యకుండా ఉంటే పగిలేది కాదు."

తిప్పమ్మ తల ఊపింది. కొంగు సర్దుకుని లేచి, మునక్కాయల సంచీ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి, మేడెక్కి రేకుల గదిలోకి వెళ్ళి పడుకుంది.

"చెప్పొద్దంటి కదా!" అన్నాడు మారుతి. అతను చెల్లెలి మీద గొంతు పెంచడం పాతికేళ్ళలో అదే మొదలు.

శుక్రవారమంతా ఆ ఇంట్లో మాటల్లేవు. తిప్పమ్మ కిందికి దిగలేదు. అన్నం పళ్ళెం ఎలా పైకి వెళ్ళిందో అలాగే కిందికి వచ్చింది. మారుతి గోనెపట్టలు తడుపుతున్నాడు, మీటరు చూస్తున్నాడు, చెల్లెలితో అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు. హేమావతి పిల్లల గిటారు మీద సాధన చేద్దామని కూర్చుంది. వేళ్ళు పలికిస్తున్నాయి గానీ చెవులు మేడ మీదే ఉన్నాయి. తప్పు చేశానా, నా కడుపు మంట తీర్చుకోవడానికి నిజం చెప్పానా అని పదే పదే తనను తాను ప్రశ్నించుకుంది. కాదని ధైర్యంగా చెప్పుకోలేకపోయింది.

ఇంతలో గిటారు తన పని తాను చేసుకుపోతోంది. మీటరు యాభై ఒకటి. పొద్దున పగులులో దూరిన కాగితం ముక్క సాయంత్రానికి దూరలేదు. మారుతి కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు ప్రయత్నించాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ప్రణీత్ ఫోన్ వచ్చింది.

"అక్కా, ఏమనుకోవద్దు. మా రేఖకు వారం ముందరే నొప్పులు వచ్చినాయి. ఆసుపత్రిలో ఉన్నా. ఈ పొద్దు రాలేను."

హేమావతి గోడకు ఆనుకుంది. "నీ పెండ్లాన్ని సూసుకో ప్రణీత్. మేమేదో చేసుకుంటాం."

"మీరే చెయ్యండి, నేను ఫోన్లో సూసి చెప్తా. వడ్రంగులు వాడే తెల్ల జిగురు కొత్త డబ్బా తెప్పించు. కానీ ఇద్దరు కావాల. ఒకరు గిటారు లోపలికి చెయ్యి పెట్టి, పలకను కింద నుంచి మెల్లగా ఎత్తుతా దించుతా ఉండాల. అట్ల ఎత్తినప్పుడల్లా ఇంకొకరు పైనుంచి వేలి కొసతో జిగురు లోపలికి దిగేటట్టు రాయాల. పైన చెయ్యి చానా ముఖ్యం. గట్టిగా ఒత్తితే పగులు సాగుతుంది, మెత్తగా రాస్తే జిగురు దిగదు."

లోపలి చెయ్యి హేమావతిది. తీగలు నొక్కే ఎడమచేతికి గోళ్ళు ఉండవు. కుడిచేతి గోళ్ళు జిగురు రాయడానికి అడ్డం. మారుతి తన మొద్దు బొటనవేలు పగులు పక్కన పెట్టి చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హేమావతి మేడెక్కింది. రేకుల గది అప్పటికే వేడెక్కింది. తిప్పమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, లెయ్. నీ చెయ్యి కావాల."

"నా చెయ్యా? ఇంగా ఏం పాడు చెయ్యల్ల?"

"పగులులోకి జిగురు ఎక్కించల్ల. ప్రణీత్ రాల్యాడు."

"వీధిలో ఎవర్నన్నా పిల్సుకోపో."

"తెగిన పట్టుపోగును, అతికిన చోటు కనపడకుండా అతికేవాళ్ళు ఈ వీధిలో ఇంగెవరుండారు?"

హేమావతి చాప అంచున కూర్చుంది.

"నాకు కోపం వచ్చింది వదినా. బుధవారమంతా ఏడ్సినా. ఇప్పటికీ కడుపులో మండుతాండాది. లేదని చెప్పను. కానీ నా గోళ్ళు ఇరగకూడదని పదేండ్లు నా పాలు కండెలు నువ్వు చుట్టినావు. నేను వాయించిన ప్రతి పాటలో అది ఉండాది. ఇదొక్క గుడ్డతో అదంతా కొట్టుకపోతాదా?"

తిప్పమ్మ భుజం కదిలింది. కాసేపటికి ఇటు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మళ్ళా పాడైతే?"

"పాడైతే పాడయితాది. పిల్లల గిటారుతో వాయిస్తా. నువ్వు రాకుంటే ఎట్లయినా అదే గతి."

తిప్పమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముడివేసుకుంది. కిందికి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

గిటారును ఉయ్యాలతో సహా పైకి ఎత్తి చాప మీద పెట్టారు. వదులుగా ఉన్న తీగలను పక్కకు లాగి, గిటారు గుండ్రటి రంధ్రంలోంచి హేమావతి ఎడమచెయ్యి లోపలికి పోనిచ్చింది. ఎదురుగా తిప్పమ్మ కూర్చుంది. మారుతి ఫోన్ పట్టుకున్నాడు. ఫోన్లో ప్రణీత్ ముఖం, వెనక ఆసుపత్రి గోడ.

"ఎత్తండి... ఇప్పుడు రాయండి... చాలు. దించండి."

మొదటిసారి తిప్పమ్మ మరీ మెత్తగా రాసింది. జిగురు పగులు పైనే నిలిచిపోయింది. రెండోసారీ అంతే. ఆమె చెయ్యి తీసేసి కళ్ళు మూసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. మూడోసారి ఆమె ప్రణీత్ మాట కోసం ఆగలేదు. లోపల హేమావతి వేళ్ళు పలకను ఎత్తడం తన వేలికి తెలుస్తోంది. దాన్నిబట్టే రాసింది. జిగురు గీతలా సన్నబడి లోపలికి దిగిపోయింది.

"ఎవరక్కా ఆయమ్మ?" అన్నాడు ప్రణీత్. "మా అంగట్లో పనికొస్తుందేమో అడుగు."

తిప్పమ్మ నవ్వలేదు. మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచింది. తడిగుడ్డ తానే తడిపి, తానే పిండి తెచ్చుకుంది. మారుతి అది చూసి ముఖం అటు తిప్పుకుని పంచె కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

పని గంటలో అయిపోయింది. పగులు ఉన్నచోట వెతికితే తప్ప కనపడని సన్నటి గీత మిగిలింది.

"రేపు పొద్దున దాకా ముట్టొద్దు," అన్నాడు ప్రణీత్. "తర్వాత తీగలు కొంచెం కొంచెంగా బిగించు. లోపలి పక్క పగులును పట్టే కొయ్య ముక్కలు అతికించలేదు కాబట్టి నేను గ్యారంటీ ఇవ్వలేను. తీగలన్నీ బిగిస్తే ఆ పలక మీద నలభై కిలోల లాగుడు పడుతుంది. నిలిస్తే సాయంత్రం కచేరీ అయ్యేదాకా నిలుస్తుంది. ఇడిస్తే మొదటి పది నిమిషాల్లోనే ఇడుస్తుంది." వెనక నుంచి ఎవరో పిలిస్తే ఫోన్ పెట్టేశాడు.

గిటారు మళ్ళీ గుంతలోకి చేరింది. మారుతి పలకలు కప్పుతూ, తీగలు ఎన్ని గంటలకు బిగిస్తావని చెల్లెల్ని అడిగాడు. హేమావతి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"పొద్దున ఐదింటికే బిగిస్తా, అన్నా. వదిన లెయ్యకముందే. ఒగవేళ ఇడిస్తే ఆయమ్మ సూడకూడదు."

తిప్పమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. చేతిలో మునక్కాయలూ, కత్తిపీటా ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూసుకోలేదు.

"నేను ల్యాకుండా ఒగ్గ తీగ కూడా బిగించొద్దు హేమా," అంది. "పగిల్తే నా కండ్ల ముందరే పగలల్ల."